మనకూ నాలుగు తొనలు

సలాడ్ అనే మాట వినగానే మన ఇళ్ళల్లో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. పిల్లలది, "ఐస్‌క్రీము కూడా ఉంటుందా?" అని ఆశగా చూసే ముఖం. మగవారిది, "ఏం, ఇవాళ పొయ్యి వెలిగించలేదా?" అని అనుమానంగా చూసే ముఖం. పచ్చివి కోసి పళ్ళెంలో పెట్టడం కూడా ఒక వంటేనా, అది దొరల దగ్గర నేర్చిన సోకు కాదూ, అని మనలోనూ చాలామందికి లోలోపల ఉంటుంది.

దొరల సోకే అనుకుందాం. కానీ ఆ మాట ఎక్కడిదో చూడండి. లాటిన్ భాషలో సాల్ అంటే ఉప్పు. ఉప్పు చల్లిన ఆకుకూర ముక్కలకి వచ్చిన పేరే తిరిగి తిరిగి సలాడ్ అయింది. అంటే ఉప్పు చల్లినది అని అర్థం, అంతే! ఆ లెక్కన గద్వాల బస్టాండులో జామకాయని నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారం అద్ది, కాగితం ముక్కలో పెట్టి చేతికిచ్చే అవ్వ చేసేది సలాడ్ కాక మరేమిటి? బడి దగ్గర రేగుపళ్ళకీ మామిడి ముక్కలకీ ఉప్పు అద్దుకుని తిన్న మనమంతా చిన్నప్పుడే సలాడ్ తిన్నవాళ్ళమే. పేరు తెలియదు, అంతే.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది నిమ్మజాతి పళ్ళ సలాడ్ గురించి. బత్తాయి, సంత్రా, పంపర పనస, నిమ్మ, ఈ నాలుగింటినీ ఒక గిన్నెలో చేర్చడం. చేసే పద్ధతి పావుగంట పని. దాని వెనక ఉన్న కథ మాత్రం కొన్ని వందల ఏళ్ళది. అందులో కొంత మన పాలమూరు గడ్డ మీద, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపున జరిగింది. ఆ కథ చదివిన కొద్దీ నాకు ఒకటే ప్రశ్న మిగులుతోంది. ఇంతకీ ఆ పండు తొన ఇల్లాలి నోటిదాకా ఎప్పుడు వచ్చింది?

ముందు ఆ పళ్ళ కుటుంబం సంగతి చెబుతాను. చుట్టరికాలంటే మనకి ఇష్టమే కదా! ఈ పళ్ళన్నీ హిమాలయాల ఆగ్నేయ పాదాల దగ్గర, అస్సాం, బర్మా, చైనాలోని యునాన్ ప్రాంతాల్లో పుట్టాయని శాస్త్రజ్ఞులు వాటి జన్యువులు పరిశీలించి 2018లో ప్రకటించారు. కుటుంబానికి పెద్దలు ప్రధానంగా ముగ్గురు. ఒకటి మాదీఫలం, రెండోది పంపర పనస, మూడోది మనం కమలా అనీ సంత్రా అనీ పిలుచుకునే వదులు తొక్క పండు. తక్కినవాళ్ళలో చాలామంది వీళ్ళ సంతానమే. పంపర పనసకీ కమలా జాతికీ పుట్టిన సంతతిలో పులుపు నారింజ ఒకటి, తియ్యని బత్తాయి మరొకటి. మన వంటింటి చిన్న నిమ్మకాయకి తల్లీతండ్రుల్లో ఒకరు మాదీఫలం, మరొకరు ఫిలిప్పీన్స్ దీవుల అడవి నిమ్మ. పూజకి తప్ప ఎవరూ తలవని ఆ మాదీఫలం ఇంత పెద్ద కుటుంబానికి పెద్ద అన్నమాట. ఒక గిన్నెలో బత్తాయి, సంత్రా, పంపర పనస తొనలు వేసి నిమ్మరసం పిండామంటే, ఎప్పుడో విడిపోయిన చుట్టాలందరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టినట్టే!

పేర్ల కథ ఇంకా బాగుంటుంది. మన నారింజకీ, సంస్కృతపు నారంగానికీ దగ్గరి సంబంధం. అదే పర్షియాకి వెళ్ళి నారంగ్ అయింది, అరబ్బుల నోట నారంజ్ అయింది, స్పెయినులో నరాంహా అయింది. ఫ్రెంచివాళ్ళ దగ్గర మొదటి 'న' ఊడిపోయింది. అదే ఇంగ్లీషులో ఆరెంజ్. ఆ పండు వచ్చేదాకా ఇంగ్లీషువాళ్ళకి ఆ రంగుకి విడిగా ఒక పేరే లేదు. పండు పేరే రంగుకీ పెట్టుకున్నారు. ఇక్కణ్ణుంచి ఆ మాట సముద్రాలు దాటి వెళ్ళి, 'ఆరెంజ్ జ్యూస్' అయి మన హోటలు బల్ల మీదికే తిరిగి వచ్చింది.

తియ్యటి రకాల సంగతి దీనికి తలకిందులు. వాటి పేర్లు బయటినుంచి వచ్చాయి. హైదరాబాదులో మోసంబి అంటాం. అది ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు. బత్తాయి అన్నది బటావియా నుంచి వచ్చిందంటారు. బటావియా అంటే ఇప్పటి జకార్తా. డచ్చివారు తూర్పు దీవుల్లో తమ రాజధానిగా 1619లో కట్టుకున్న ఊరు. ఆ డచ్చివారే అంతకు కొన్నేళ్ళ ముందు నుంచీ మన మచిలీపట్నంలో కొట్లు పెట్టుకుని వ్యాపారం చేస్తూండేవారు. మరి ఆలంపూరు దగ్గర తుంగభద్ర దాటి రాయలసీమలోకి వెళ్ళండి. అదే జాతి పండుని చీనీకాయ అంటారు. అంటే చైనాది అని! డచ్చి భాషలో కూడా ఆ పండుకి చైనా యాపిల్ అనే అర్థం వచ్చే పేరే ఉంది. వనపర్తి సంతలో బేరమాడి సంచీలో వేసుకునే ఒక మామూలు పండు మీద ఆఫ్రికా, జావా, చైనా మూడు ముద్రలున్నాయి. మనం మాత్రం, "కిలో ఎంత? తియ్యగుంటయా?" అని అడిగి ఊరుకుంటాం.

ఇక మన ప్రాంతానికి వద్దాం. కృష్ణకీ తుంగభద్రకీ మధ్య ఉన్న నేలని రాయచూరు అంతర్వేది అంటారు చరిత్రకారులు. దాని తూర్పు కొసనే గద్వాల. అక్కడివాళ్ళు ముద్దుగా నడిగడ్డ అంటారు. ఈ నేల కోసం బహమనీ సుల్తానులూ విజయనగర రాజులూ తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోట దగ్గర బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్షాను ఓడించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరానికి వచ్చాడు. ఆయన రాసిన వాటిలో రాజుగారి వైభవం, ఏనుగులు, మహర్నవమి ఉత్సవాలు చరిత్ర పుస్తకాలకి ఎక్కాయి. నాకు మాత్రం ఆయన కూరగాయల బజారు గురించి రాసింది బాగా నచ్చింది. రోజూ నగరంలోకి వచ్చే నిమ్మకాయలు చూసి, తమ దేశంలోవి వీటి ముందు ఎందుకూ పనికిరావన్నాడు. తియ్యవీ పుల్లవీ రెండు రకాల నారింజలు, వాటి పక్కనే వంకాయలు, అంతంత రాశులు చూస్తే మతి పోతుందన్నాడు. అంటే, అయిదు వందల ఏళ్ళ కిందట తుంగభద్ర ఒడ్డున తియ్యని నారింజ బజారులో అమ్మే సరుకే. హంపీ పక్కన పారిన ఆ తుంగభద్రే కిందికి వచ్చి మన ఆలంపూరు ముందునుంచి వెళుతుంది.

ఆ తరువాత పదేళ్ళలోపే ఉత్తరాన మరో రాజు మన పళ్ళ గురించి రాశాడు. 1526లో పానిపట్టు గెలిచిన బాబరు. ఆయన ఆత్మకథలో హిందుస్థానం మీద ఫిర్యాదులు బోలెడు. అయినా నిమ్మజాతి పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కదానినీ పేరు పెట్టి, ఆకారం, వాసన, పులుపు ఎంతో ఓపికగా వర్ణించాడు. రాజ్యాలు గెలిచిన మనిషి నిమ్మకాయ దగ్గర ఆగి వాసన చూశాడంటే ముచ్చటేస్తుంది.

రాయలవారు స్వయంగా రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట్లో అతిథులకి ఏ ఋతువులో ఏం పెట్టేవారో ఉంది. వేసవిలో చలువచేసే భోజనం. నులివెచ్చటి అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్ళు, పళ్ళు, నీళ్ళమజ్జిగ. వేసవిలో పళ్ళు తినాలన్న తెలివి మనకి ఏ ఆరోగ్య పత్రికా కొత్తగా నేర్పలేదన్నమాట. కాకపోతే ఆ విందంతా వడ్డించిన చేతులు తరువాత ఏం తిన్నాయో ఆ పద్యంలో లేదు.

కావ్యాల్లోంచి ఇలాంటి కూడూ గుడ్డా సంగతులు ఏరి చరిత్ర రాయవచ్చని మనకి చూపించినవాడు సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆయన గద్వాల వైపువారే. సొంత ఊరు ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకి ఎన్నికయ్యారు కూడా. 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం అదే. రాజులు ఎవరు ఎవరిని ఓడించారన్నది పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగిన పుస్తకం. ఆయన వేసిన ప్రశ్ననే నేను కొంచెం వంటింటివైపు తిప్పి అడుగుతున్నాను. జనం అంటే సరే, జనంలో ఆడవాళ్ళు ఏం తిన్నారు?

పాలమూరులో పండు కథంటే నీటి కథే. బత్తాయి చెట్టు నాటిన నాలుగైదేళ్ళకిగానీ సరిగా కాపుకి రాదు. అన్నాళ్ళూ నీళ్ళు పోసి పెంచాలి. ఒక్క ఎండాకాలం బావి ఎండిందంటే అయిదేళ్ళ కష్టం కట్టెలైపోతుంది. కృష్ణా తుంగభద్రలు పక్కనే పారుతున్నా చేను తడవని నేల ఇది. గద్వాల కోట కట్టించిన సోమనాద్రి నాటినుంచీ గద్వాలలోనూ, వనపర్తిలోనూ, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురంలోనూ సంస్థానాలు వెలిగాయి. కవులకి సన్మానాలు జరిగాయి. ఊరి జనం మాత్రం వానకోసం ఆకాశం చూసేవారు. వాన రాని ఏడు మూటాముల్లె సర్దుకుని మేస్త్రీల వెంట దూరదేశాలకి మట్టిపనికి పోయేవారు. పాలమూరు లేబరు అని పేరు పడిపోయింది. అలాంటి చోట పండ్లతోట అంటే పెద్ద బావి, మోట, నాలుగు జతల ఎద్దులు ఉన్నవాడి మాట.

నీళ్ళకోసం చేసిన ప్రయత్నాల్లో వనపర్తివారిది ఒకటి చెప్పుకోదగ్గది ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తల్లి సరళాదేవి పేరున సరళాసాగర్ కట్టించారు. 1949లో శంకుస్థాపన, 1959లో ప్రారంభం. చెరువు నిండగానే మనిషి చెయ్యి తగలకుండా సైఫన్లు వాటంతటవే తెరుచుకుని నీళ్ళు వదిలే ఏర్పాటు దాని విశేషం. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగింది, తరువాత మళ్ళీ కట్టారు. ఇంకా తరువాత జూరాల వచ్చింది, కొల్లాపురం దగ్గర ఎల్లూరు నుంచి కృష్ణనీళ్ళు ఎత్తిపోసే కల్వకుర్తి పథకం వచ్చింది. 2016 అక్టోబరులో ఈ మూడు ఊళ్ళూ మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. బత్తాయికి పేరు నల్లగొండదే అయినా, బోర్ల కిందా కాలువల కిందా ఇటువైపూ బత్తాయి తోటలు వచ్చాయి. పండు ఇప్పుడు తోపుడుబండి మీద వీధిలోకే వస్తోంది.

కానీ పండు గుమ్మందాకా వచ్చినంత మాత్రాన కంచంలోకి రాదు. మా అత్తగారిది వనపర్తి పక్క పల్లె. ఆవిడ కాలంలో బత్తాయి అంటే జ్వరం. ఇంట్లోకి ఎవరైనా బత్తాయిలు తెచ్చారంటే, "ఎవరికి పాణం బాగలేదు?" అని పక్కింటివాళ్ళు అడిగేవారట. లంఖణాలు అయ్యాక రోగికి బత్తాయి రసం. పండక్కి దేవుడికి పండ్లు. చుట్టమొస్తే నిమ్మకాయ షర్బతు. అమ్మవారికి నిమ్మకాయల దండ. గుమ్మానికి దిష్టి నిమ్మకాయ. ఎండాకాలం జాడీల్లో ఊరగాయ. దేవుడికీ, దెయ్యానికీ, జ్వరానికీ, చుట్టానికీ అందరికీ వాటా ఉంది! కోసింది, పిండింది, దండ గుచ్చింది, ఊరబెట్టింది ఆడది. ఆమె వాటాకి మిగిలింది పిండేసిన చెక్క. దాంతో ఇత్తడి చెంబు తోముకునేది. మేము బలవంతంగా నాలుగు తొనలు ఒలిచి చేతిలో పెట్టినా మా అత్తగారు, "నాకెందుకే? పోరగాళ్లకు పెట్టు. నేను తిన్ననే అనుకో" అనేవారు. ఆ 'అనుకో' అన్న మాట మీద ఎన్ని తరాల ఆడవాళ్ళు బతికారో!

ఇది పట్టింపు కోసం అంటున్న మాట కాదు. లెక్కలున్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. దేశమంతా కలిపి చూసినా అంతే. అంటే మనలో సగానికి మించి! మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే నీరసం, "ఏమిటో ఒంట్లో శక్తి లేదు" అని మనం రోజూ చెప్పుకునే మాటలకి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

దానికీ నారింజకీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. మన ఇనుమంతా దాదాపు మొక్కలనుంచి వచ్చేదే. జొన్నరొట్టె, సజ్జరొట్టె, పప్పు, తోటకూర, పల్లీలు. వీటిలో ఇనుము ఉంటుంది గానీ, ఒంటికి పట్టడం కష్టం. గింజల్లో ఉండే కొన్ని పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. అదే పూట పచ్చి నిమ్మరసమో, బత్తాయి తొనలో తింటే వాటిలోని విటమిన్ సి ఆ ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనం కాగానే తాగే టీ సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి తరలివచ్చిన మన జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాట ఇది. రొట్టె పక్కన నిమ్మచెక్క పెట్టిన మన పెద్దలది మంచి అలవాటే. అయితే రక్తం బాగా తక్కువ ఉన్నవారు సలాడ్ తిని ఊరుకుంటే చాలదు. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు వేసుకోవాల్సిందే.

నిమ్మజాతి పళ్ళ గొప్ప లోకానికి తెలిసింది కూడా ఒక జబ్బు వల్లనే. నెలల తరబడి ఓడల్లో ఉన్నవారికి చిగుళ్ళు వాచి, రక్తం కారి, పాతగాయాలు తిరగబెట్టి చచ్చిపోయే స్కర్వీ వ్యాధి వచ్చేది. 1498లో వాస్కో డ గామా నావికులు ఆఫ్రికా తూర్పు తీరంలో నారింజలు తిని తేరుకున్నారు. అయినా ఆ తెలివి నిలవలేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగుల్ని తీసుకుని, ఇద్దరిద్దరికీ ఒక్కో మందు ఇచ్చి చూశాడు. కొందరికి వెనిగర్, కొందరికి సముద్రపు నీళ్ళు. ఒక జంటకి మాత్రం రోజూ రెండేసి నారింజలు, ఒక్కో నిమ్మకాయ. ఆరు రోజులకి ఓడలో పళ్ళు అయిపోయాయి గానీ, అప్పటికే వారిలో ఒకడు దాదాపు పనిలోకి వెళ్ళేంత కోలుకున్నాడు. ఇంత కళ్ళెదుట కనిపించినా, బ్రిటిష్ నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. దాదాపు యాభై ఏళ్ళు! మంచి సంగతి తెలియడం వేరు, అది పళ్ళెంలోకి రావడం వేరు అని అందుకే అన్నాను.

సరే, ఇక వంటింట్లోకి రండి. నలుగురికి సరిపడే లెక్క చెబుతాను. బత్తాయిలు రెండు, సంత్రాలు రెండు, పంపర పనస దొరికితే నాలుగైదు తొనలు, దొరక్కపోతే మరో బత్తాయి. నిమ్మకాయ ఒకటి, చిన్న ఉల్లిగడ్డ ఒకటి, పుదీనా పది ఆకులు, పచ్చిమిర్చి ఒకటి, వేయించిన పల్లీలు గుప్పెడు, వేయించి దంచిన జీలకర్ర పొడి చిటికెడు, మిరియాల పొడి, ఉప్పు. పల్లీలు ఎందుకంటే, అవి మన పాలమూరు పంట, పులుపు పక్కన కమ్మగా ఉంటాయి.

ముందు ఉల్లిగడ్డని కాగితంలా సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు, సగం నిమ్మచెక్క రసం వేసి పక్కన పెట్టండి. అయిదు నిమిషాల్లో ఘాటు తగ్గి, ఎర్ర ఉల్లిగడ్డ అయితే ముద్దుగా గులాబీ రంగుకి తిరుగుతుంది. బత్తాయికి పైనా కిందా పలచగా కోసి నిలబెట్టండి. కత్తిని పైనుంచి కిందికి పండు ఒంపు వెంబడే నడుపుతూ తొక్కనీ, దాని కింద తెల్లటి పొరనీ కలిపి తీసెయ్యండి. తరువాత పండుని గిన్నె మీద పట్టుకుని, పొరకీ పొరకీ మధ్య కత్తి దూర్చి తొనలు విడదియ్యండి. కారే రసం గిన్నెలోనే పడుతుంది. మిగిలిన పొరల్ని గట్టిగా పిండితే మరి రెండు చెంచాల రసం వస్తుంది. సంత్రా తొనలకి పీచు తీసి, లోపలి అంచు కత్తెరతో కత్తిరిస్తే గింజలు సులువుగా వస్తాయి. పంపర పనసకి తొక్క మందం, ఓపిక కావాలి. తొన మీది పొర పూర్తిగా ఒలిచేస్తే లోపల ముత్యాల్లాంటి గింజలుగా విడిపోతుంది. ఆ పని పిల్లలకి అప్పగించండి, సరదాగా చేస్తారు. గిన్నెలోకి కొన్ని తక్కువ వస్తాయనుకోండి, ఫరవాలేదు!

ఈ తెల్లపొర, గింజల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, చేదంతా వాటిలోనే ఎక్కువ. మోసంబి రసం పిండి గంటసేపు ఉంచితే చేదెక్కడం మీరు చూసే ఉంటారు. పండులో చేదులేని ఒక పదార్థం రసంలోని పులుపుతో కలిసి నెమ్మదిగా చేదుగా మారుతుంది. అందుకే ఈ సలాడ్ పొద్దున చేసి రాత్రికి దాచేది కాదు. గిన్నె గాజుదీ పింగాణీదీ లేకపోతే స్టీలుదీ ఉండాలి. కళాయి లేని ఇత్తడిలో పులుపు పెట్టకూడదని మన అమ్మమ్మలకి ఎవరూ రసాయనశాస్త్రం చెప్పకుండానే తెలుసు.

తొనల మీద ఉల్లిగడ్డ, తరిగిన పుదీనా, పచ్చిమిర్చి వెయ్యండి. మిగతా నిమ్మరసం, జీలకర్ర పొడి, మిరియాల పొడి చల్లండి. పల్లీలు కచ్చాపచ్చాగా దంచి పైన వెయ్యండి. ఉప్పు మాత్రం అందరూ కూర్చున్నాక, తినబోయే ముందు. ముందే వేస్తే తొనల్లోంచి నీరంతా దిగి, సలాడ్ కాస్తా చారవుతుంది. గరిటెతో కలియబెట్టకండి, గిన్నెని అటూ ఇటూ నెమ్మదిగా ఊపండి. గద్వాల చీరలో నూలు ఒళ్ళూ పట్టు అంచూ వేరువేరుగా నేసి కలుపుతారు చూడండి, ఇదీ అంతే. కలిసి ఉండాలి గానీ దేని రుచి దానికి తెలియాలి.

పండులో ఉల్లిగడ్డేమిటి అని ముఖం చిట్లించేవారికి ఒక మాట. అరబ్బులు నారింజని తీసుకెళ్ళి నాటిన సిసిలీ దీవిలో ఈనాటికీ నారింజ చక్రాల మీద ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలు, ఆలివు నూనె వేసుకుని భోజనంలో తింటారు. మొరాకోలో దాల్చినచెక్క పొడి చల్లుకుంటారు. మీకు ఉల్లి పడకపోతే మానెయ్యండి, బెల్లం తురుము అర చెంచా వెయ్యండి. పాలు, మీగడ మాత్రం దగ్గరికి రానివ్వకండి, విరిగిపోతాయి. తొక్కలు పారెయ్యకండి, ఇత్తడి సామాను ఇంకా ఉన్నవారికి పనికొస్తాయి.

కొన్ని జాగ్రత్తలు. షుగరు ఉన్నవారు రసం తీసుకుని తాగేకంటే తొనలు తినడం మేలు. ఎంత తినవచ్చో డాక్టరుని అడగండి. కొన్ని రకాల బీపీ మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు వేసుకునేవారికి పంపర పనస పడదు. మాత్ర ప్రభావం మితిమీరుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కడుపులో మంట ఉన్నవారు కూడా అడిగే తినాలి. తక్కినవారికి భోజనంతోపాటు ఒక చిన్న గిన్నెడు చక్కగా సరిపోతుంది. టీ మాత్రం ఒక గంట ఆగి తాగండి.

చివరిగా ఒక్క చిన్న సలహా. తొనలు ఒలవకముందే గిన్నెలు బయటికి తియ్యండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని, మీది కూడా లెక్కపెట్టి. ఇంట్లో పని చేసే అమ్మాయి ఉంటే ఆమెది కూడా. అందరికీ వడ్డించాక మిగిలితే తిందాంలే అనుకుంటే, మిగలదని మనకి తెలుసు. గిన్నెలన్నీ వరసగా పెట్టి ముందు సమానంగా తొనలు పంచండి, ఆ తరువాత పిలవండి. "నాకెందుకులే" అనే మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు ఆ నోట్లో ఒక బత్తాయి తొన పెట్టుకోండి.